చచ్చిన బోర్డును ముందు చదవాలి

మొన్న మా మన్సూరాబాద్ కాలనీలో ఉండే ఒక అమ్మాయి మిఠాయి డబ్బా పట్టుకొని మా ఇంటికి వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎలక్ట్రానిక్ బోర్డులకు ప్రోగ్రాం రాసే ఎంబెడెడ్ కోర్సు పూర్తి చేసిందట, ఉద్యోగం కూడా వచ్చిందట. "అంకుల్, మీరు ఇన్నేండ్లు ఇదే పని చేసిండ్రు కదా. అసలు పనిల ఏముంటది?" అని అడిగింది. "బోర్డు చచ్చిపోతుంది, నువ్వు బతికించాలి. అంతేనమ్మా," అన్నాను. ఆ అమ్మాయి నవ్వి వెళ్లిపోయింది. మిఠాయి బాగుంది గానీ నేను చెప్పిన జవాబు నాకే నచ్చలేదు. ఈ రాసేదంతా ఆ అమ్మాయికి చెప్పవలసిన అసలు జవాబు.

నాకు ప్రమోషన్లు ఎన్ని వచ్చాయో, జీతం ఎప్పుడు పెరిగిందో ఇక్కడ రాయను. అవి మా ఆవిడకే గుర్తులేవు, మీకెందుకు? మా పనిలో నాకు అర్థమైనదంతా ఒకే ఒక్క మనిషి దగ్గర, ఎక్కువగా ఒకే ఒక్క కేసులో అర్థమైంది. అది చెబుతాను.

మార్చెయ్

ముందు నా మొదటి యజమాని గురించి రెండు మాటలు. ఆయనది సైదాబాద్‌లో రిపేరు దుకాణం. టీవీలు, స్టెబిలైజర్లు, ఇన్వర్టర్లు, ఏది పడితే అది వచ్చేది. మంచి మనిషే. అన్నం పెట్టిన చేయిని తిట్టను. కానీ ఆయనకు వచ్చిన మంత్రం ఒక్కటే: "మార్చెయ్." కెపాసిటర్ అనుమానమా, మార్చెయ్. చిప్పు అనుమానమా, మార్చెయ్. దేనిమీదా అనుమానం లేదా, అయితే బోర్డు మొత్తం మార్చెయ్. సరుకు బాగైపోయేది, కస్టమర్ సంతోషంగా తీసుకుపోయేవాడు, మళ్లీ కొన్నాళ్లకు అదే జబ్బుతో వచ్చేవాడు. అసలు ఎందుకు పాడైందో మాకు ఎవరికీ తెలిసేది కాదు. తెలుసుకోవాలన్న ఆలోచనే ఉండేది కాదు.

అక్కడ నా చేతికి సోల్డరింగ్ వచ్చింది. అంతకుమించి ఏమీ రాలేదు. ఇప్పటి కంపెనీల్లో కూడా ఏసీ గదుల్లో కూర్చొని ఇదే "మార్చెయ్" మంత్రం చదివే పెద్దలను చూశాను. టై కట్టుకుంటారు, అదొక్కటే తేడా.

సత్యవతి మేడం

తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గల్లీలో, చీరల దుకాణం పైనున్న చిన్న ఆఫీసులో చేరాను. మా యజమాని పేరు సత్యవతి. మేమంతా మేడం అనేవాళ్లం. పుట్టింది కృష్ణా జిల్లాలో. చదువయ్యాక హైదరాబాద్ వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడ్డారు. బోర్డు గీయడం, ప్రోగ్రాం రాయడం, టెస్టింగ్ అన్నీ ఆమే చూసుకునేవారు. బోర్డులు కూర్చేది, రిపేరు చేసేది నేను. అమ్మకాలు శ్రీధర్ అని ఒకతను చూసేవాడు. మాట అతని సొత్తు.

మేడం కోపిష్టి. సోల్డరు ముక్క నేలమీద కనిపిస్తే చీపురు తెచ్చి నా చేతికిచ్చేవారు. కానీ తెలియదు అని చెబితే ఎప్పుడూ కోప్పడలేదు. తెలిసినట్టు నటిస్తే మాత్రం ఆ రోజు మనకు టీ ఉండేది కాదు. కొత్త బ్యాచ్ తయారైనప్పుడల్లా మొదటి బోర్డును కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి తీసుకెళ్లి, పాదాల దగ్గర పెట్టించి తెచ్చేవారు. తెచ్చాక అదే బోర్డును అందరికంటే ఎక్కువ హింసించేవారు. "స్వామి ఆశీర్వాదం ఇచ్చాడు నర్సింహా, టెస్ట్ రిపోర్టు ఇవ్వలేదు," అనేవారు.

మేము చేసింది పొలం మోటార్లకు కంట్రోలర్ బోర్డు. ఊళ్లలో కరెంటు వంతులవారీగా వచ్చేది. మూడు ఫేజులు ఉండవలసిన చోట ఒకటి పోతే, మిగిలిన రెండింటి మీద నడిచి మోటారు కాలిపోయేది. మా బోర్డు మూడు ఫేజులూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకొని, ఉంటేనే మోటారును ఎత్తించేది, అంటే స్టార్ట్ చేయించేది. బోర్డు మధ్యలో వేలిగోరంత చిప్పు ఉంటుంది. దాని పొట్టలోనే ఫ్లాష్ అనే మెమరీ ఉంటుంది. కరెంటు పోయినా అందులో రాసింది చెరగదు. కరెంటు రాగానే చిప్పు నిద్రలేచి, అందులో ఉన్నది చదువుకొని పని మొదలుపెడుతుంది. దాన్నే బూట్ కావడం అంటాం. బూట్ కాకపోతే మా భాషలో అది చచ్చిన బోర్డు.

ఎర్ర లైటు

పోచంపల్లి పక్కన మా ఊరు. మాది మగ్గం ఇల్లు. రంగులద్దడానికి నాన్న చేతిలో చిటికి కట్టిన దారాలు చూస్తూ పెరిగినవాణ్ణి. ఊళ్లో రైతులు మా బోర్డులు పెట్టించుకున్నది నా మాట మీదే. అందరికంటే ముందు పెట్టించుకున్నది యాదగిరి కాక. నాకు చుట్టం కాదు, కానీ చిన్నప్పటి నుంచి కాకే. అంతకు ముందటేడు ఆయన మోటారు కాలి, రీవైండింగ్ అయ్యేలోపు వరి ఎండిపోయింది. ఆ దెబ్బ తిన్నాకే నా దగ్గరికి వచ్చాడు.

వానాకాలం పంట ఏపుగా ఉన్నప్పుడు ఆ ఊరి బోర్డులు ఒక్కొక్కటిగా చావడం మొదలైంది. ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటుంది, మోటారు ఎత్తుకోదు. బస్సులో వచ్చే ఎవరితోనో పంపేవాళ్లు. నేను ప్రోగ్రాం మళ్లీ ఎక్కించేవాణ్ణి. వెంటనే లేచి కూర్చునేది, పచ్చ లైటు, పరమానందం. తిరిగి పంపేవాణ్ణి. కొన్నాళ్లకు అదే బోర్డు మళ్లీ ఎర్ర లైటుతో వచ్చేది. మా ఆఫీసులో అందరం చేసే పని అదే. ఎవరూ తప్పనుకోలేదు.

ఒకరోజు మేడం నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. నేను ప్రోగ్రాం ఎక్కించబోతుంటే చేయి పట్టుకొని ఆపారు.

"ఏం చేస్తున్నావు?"

"ఫ్లాష్ కొడుతున్న మేడం. కొడితే లేస్తది."

"లేస్తుంది సరే. ఎందుకు పడిందో చెప్పేది ఆ ఫ్లాష్ ఒక్కటే కదయ్యా. దాన్ని చెరిపేశాక ఎవరిని అడుగుతావు?"

ఇన్నాళ్లూ మేము చేసిన వైద్యం అదన్నమాట. రోగి నోరు తెరిచి నొప్పి ఎక్కడో చెప్పేలోపు నోట్లో గుడ్డ కుక్కడం. అప్పటి నుంచి మా ఆఫీసులో ఒక నియమం వచ్చింది. చచ్చిన బోర్డును ముందు చదవాలి. అందులో ఉన్నదంతా కంప్యూటర్లోకి తీసుకున్నాకే దానిమీద చెయ్యి వేయాలి. ఈ మొత్తం రాతలో మీరు ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటే ఇది పెట్టుకోండి.

చదివాం. ప్రోగ్రాం ఒక్క అక్షరం చెదరకుండా ఉంది. చివర ఒక పేజీ మాత్రం ఖాళీ. మోటారు ఎంత కరెంటు లాగవచ్చు, ఇప్పటికి ఎన్నిసార్లు ఎత్తుకుంది లాంటి సంగతులు బోర్డు ఆ పేజీలో రాసుకుంటుంది. మరో చచ్చిన బోర్డు చదివాం, అదే. ఇంకొకటి, అదే. లేచిన ప్రతిసారీ చిప్పు ఆ పేజీని చెరిపి లెక్క ఒకటి పెంచి మళ్లీ రాస్తుంది. చెరపడం అయింది, రాయడం కాలేదు. తర్వాత లేచి చూసుకుంటే పేజీ ఖాళీ. ఏం చేయాలో తోచక ఎర్ర లైటు వేసుకొని కూర్చుంటుంది.

చెరపడానికీ రాయడానికీ మధ్య ఎవరు అడ్డం వస్తున్నారు? మేడం బల్ల మీద బోర్డు పెట్టి స్విచ్ వేస్తూ తీస్తూ వేస్తూ తీస్తూ పొద్దంతా కూర్చున్నారు. ఒక్కసారీ చావలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో బంగారంలా బూట్ అయ్యే బోర్డు మా ఊళ్లో మాత్రం చస్తోంది.

సమ్మె మీదికి నెట్టేద్దాం

అవి సకల జనుల సమ్మె రోజులు. తెలంగాణ కోసం ఉద్యోగులు, టీచర్లు, బస్సులవాళ్లు అందరూ సమ్మెలో ఉన్నారు. బొగ్గు గనుల కార్మికులు కూడా పని ఆపడంతో కరెంటు కోతలు పెరిగాయి. దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో రోజూ ఊరేగింపులు. మా కింది చీరల దుకాణం షట్టరు సగం దించే ఉండేది. మేడం మాట తీరు వినగానే ఎక్కడివారో తెలిసిపోయే కాలం. ఆమె చుట్టాలు ఫోన్ చేసి విజయవాడ వచ్చేయమని పోరు పెట్టేవాళ్లు. ఆమె ఫోన్ నా ముందే మాట్లాడి పెట్టేసేవారు. నేను ఆ మాటల గురించి అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆ రోజుల్లోనే ఊరి నుంచి యాదగిరి కాక ఫోన్ వచ్చింది.

"నర్సింహా, బోర్డు మళ్ల ఖరాబైంది. వరి పొట్టకొచ్చింది రా. మన పక్క చేనాయన బోర్డు తీసేసి డైరెక్టు కలిపిండు, నిన్న మోటరు కాలింది. నేను గట్ల కలపలే. నీ కోసం ఆగిన. కానీ మడి ఎన్ని దినాలు ఆగుతది? ఊళ్లె అందరు అంటున్నరు, బోర్డులన్ని పీకి మీ దుకాణం ముందట పోస్తమని."

ఈ సంగతి చెప్పగానే శ్రీధర్ కుర్చీలో ముందుకు జరిగాడు. "ఇండ్ల పరేషాన్ ఏముంది మేడం? సమ్మెల కరెంటు సక్కగ లేదు, వోల్టేజీ ఖరాబుంది, అందుకే బోర్డులు పోతున్నయని చెప్పేద్దాం. సమ్మె మీదికి నెట్టేద్దాం. తెలంగాణ కోసమంటే ఊళ్లోళ్లు కూడా ఏమనరు."

శ్రీధర్ చెడ్డవాడు కాదు. అతనూ మా తెలంగాణ పిల్లాడే. ఊరేగింపుల్లో ముందు నడిచేవాడు. అతను చెప్పినదాంట్లో సగం నిజం కూడా ఉంది.

"ఆడలేక మద్దెల ఓడు అన్నారట," అన్నారు మేడం. "కరెంటు సరిగ్గా ఉండే చోటైతే మన బోర్డు ఎందుకు శ్రీధర్? కరెంటు బాగోదనే కదా వాళ్లు కొనుక్కుంది." లేచి సంచీలో లాప్‌టాప్, వోల్టేజీని తెర మీద గీతగా చూపే చిన్న స్కోపు, ప్రోగ్రాం ఎక్కించే పరికరం సర్దుకున్నారు. "నర్సింహా, బండి తీయి."

పప్పుచారు

బస్సుల్లేవు. నేను బండి నడుపుతుంటే మేడం వెనక సంచీ ఒళ్లో పెట్టుకొని కూర్చున్నారు. హయత్‌నగర్ దాటాక రోడ్డు మీదే వంటావార్పు. హైవే మధ్యలో పొయ్యిలు పెట్టి జనం వంట చేస్తున్నారు, డప్పులు మోగుతున్నాయి, పాటలు. ఒక పెద్దమనిషి బండి ఆపాడు.

"ఏడికి పోతున్రు?"

"ఊళ్లె మోటర్ల బోర్డులు ఖరాబైనయ్ అన్నా. పొలాలు ఎండుతున్నయ్. బాగుచేయనీకి పోతున్నం."

ఆయన వెనక్కి చూశాడు. "మేడం ఏ ఊరు?"

నేను నోరు తెరిచేలోపే ఆమె చెప్పేశారు. "ఉండేది ఎల్బీనగర్ అండీ. పుట్టింది కృష్ణా జిల్లా."

ఎల్బీనగర్ అంటే సరిపోయేది కదా, పుట్టిన జిల్లా ఇప్పుడు ఎందుకు చెప్పాలి? ఆ పెద్దమనిషి ఒక్క క్షణం ఆమెను చూసి, పక్కకు తిరిగి గట్టిగా కేకేశాడు. "రెండు విస్తర్లు ఎయ్యుండ్రి!" మా వైపు తిరిగి, "మోటర్లు బాగుచేసేటోళ్లను ఆపుతమా మేడం? కానీ తినకుండ పోనియ్యం," అన్నాడు.

రోడ్డు మీద కూర్చొని అన్నం, పప్పుచారు తిన్నాం. మేడం రెండోసారి పోయించుకున్నారు. "ఏమండీ, ఇందులో చింతపండు ఎంత వేశారు?" అని వడ్డించే ఆమెను అడిగి, కొలత చెప్పించుకొని మరీ లేచారు. ఇలాంటి మనిషిని ఎక్కడికి తీసుకెళ్లడానికైనా భయపడనక్కరలేదని అప్పుడే నాకు ధైర్యం వచ్చింది.

కరెంటు వచ్చిన క్షణం

యాదగిరి కాక బోరు దగ్గరికి వెళ్లేసరికి చాలామంది రైతులు చేరి ఉన్నారు. కాక నన్ను చూసి నవ్వలేదు.

"నీ మొకం జూసి పెట్టుకున్న. పోయిన యాడాది మోటరు కాలింది, గీసారి బోర్డు కాలింది. నా నసీబేందిరా?"

"బోర్డు కాలలే కాక. మతి పోయింది, అంతే."

"మతి పోయిన దానికి నా మడి అప్పజెప్పినవ్ గదరా!"

వెనక ఎవరో "ఆంధ్రోళ్ల మాలు గిట్లనే ఉంటది" అన్నారు. మేడం విన్నారు. సంచీ విప్పుతూనే ఉన్నారు. మంచి బోర్డు ఒకటి స్టార్టర్ డబ్బాలో బిగించి, దానికి స్కోపు తగిలించి, డబ్బా పక్కనున్న బల్బు స్విచ్ వేసి ఉంచమన్నారు. తర్వాత మట్టిలోనే కూర్చొని కరెంటు కోసం ఎదురుచూశారు. పాదాల దగ్గర నేల బీటలు వారి ఉంది. ఆమె చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు.

మధ్యాహ్నం పొద్దు వాలుతుండగా కరెంటు వచ్చింది. బల్బు ఒక్కసారి వెలిగి, వెంటనే ఎర్రగా అయిపోయి, ఆరిపోబోయి, మళ్లీ మెల్లగా తెల్లబడింది. అదే క్షణంలో నాలుగు దిక్కుల నుంచి మోటార్లన్నీ ఒక్కసారి గుర్రుమన్నాయి. మేడం బోర్డు వైపు చూడనే లేదు. ఆ మోతనే విన్నారు. తర్వాత స్కోపు తెర నాకు చూపించారు. వోల్టేజీ గీత పైకి లేచి, గోతిలో పడి, మళ్లీ లేచింది. బోర్డు మీద ఎర్ర లైటు మిణుకుమంటోంది. కొత్త బోర్డు మా కళ్లముందే చచ్చింది.

"ఈ ఊళ్లో మోటార్లన్నీ ఆటో స్టార్టర్ మీదే ఉంటాయా?" అని అడిగారు.

"ఉండకేం జేస్తయ్ మేడం?" అన్నాడు కాక. "కరెంటు ఎప్పుడొస్తదో ఎవనికెరుక? ఆటోల ఏసి ఇంటికి పోతం. వచ్చినప్పుడు అదే నడుస్తది. గట్ల ఏయొద్దని లైన్‌మన్ మొత్తుకుంటడు. కానీ ఎయ్యకుంటే నీళ్లు పారేదెట్ల?"

ఇదీ సంగతి. ఆఫీసులో మా స్విచ్ కింద ఒకే బోర్డు ఉంటుంది. ఇక్కడ కరెంటు వచ్చిన క్షణంలో ఊరి మోటార్లన్నీ ఒకేసారి ఎత్తుకుంటాయి, ట్రాన్స్‌ఫార్మర్ కుంగి వోల్టేజీ పడిపోతుంది. సరిగ్గా ఆ క్షణంలోనే మా చిప్పు కళ్లు తెరిచి, పేజీ చెరిపి, రాయబోతుంది. సగం ప్రాణంతో రాయలేదు. వోల్టేజీ తగ్గితే పని చేయకుండా చిప్పును పట్టి ఆపే కాపలా ఒకటి దాని లోపలే ఉంటుంది. మా బోర్డుల్లో అది ఆపేసి ఉంది.

ఎవరు ఆపారో నాకు తెలుసు. మొదటి బోర్డులు పెట్టినప్పుడు మోటారు మాటిమాటికీ ఆగుతోందని రైతులు గొడవ చేస్తే, మేడమే ఆ కాపలాను తీసేశారు. ఆమెకూ అదే గుర్తొచ్చింది. లేచి చేతుల మట్టి దులుపుకున్నారు.

ఇప్పుడు చెప్పడానికి దారులు చాలానే ఉన్నాయి. లైన్‌మన్ వద్దన్నా మీరే ఆటోలో వేశారనొచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదనొచ్చు. సమ్మె అనొచ్చు. ఒక్కటీ అబద్ధం కాదు. నేను ఆమె మొహం చూస్తూ నిలబడ్డాను.

"యాదగిరి గారూ, తప్పు మీ కరెంటుది కాదు," అన్నారు. అందరికీ వినబడేలా అన్నారు. "మీరు ఆటోలో వేయడం తప్పు కాదు. మీ ఊళ్లో కరెంటు ఎలా వస్తుందో చూడకుండా నేను బోర్డు చేశాను. వోల్టేజీ పడితే చిప్పును ఆపే కాపలా అందులో ఉంది. దాన్ని నేనే తీసేశాను. తప్పు నాదండీ."

కాక తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

"మేడం, నా తల నెరిసింది. విత్తనపోడు మోసం జేసిండు, అడిగితే తప్పు నాదన్నడు. ఎరువులోడు నాదే అన్నడు. మోటరు కాలితే మెకానిక్ నాదే అన్నడు. తప్పు నాది అని ఎదుట నిలబడి చెప్పిన మనిషిని ఇయ్యాలే జూస్తున్న." తలపాగా మళ్లీ చుట్టుకున్నాడు. "నువ్వు బాగుజేసేది ముందుగాల నా మోటరుకే పెట్టు. కాలితే నాదే కాలనీ."

మా భాషలో ఆ "నువ్వు"లో అమర్యాద ఉండదు. ఇంటి మనిషివి అని ఉంటుంది. నాకు కళ్లు చెమర్చాయి. పక్కకు తిరిగి మోటారు చూస్తున్నట్టు నటించాను.

వంతు

ఆ సాయంత్రం కాక వాళ్ల అరుగు మీద కూర్చొని మేడం ప్రోగ్రాం మార్చారు. కాపలాను తిరిగి పెట్టారు. లేచిన వెంటనే రాయడం తీసేసి, మోటారు కుదురుగా కొంతసేపు నడిచాకే రాసేలా చేశారు. ఆ పేజీకి రెండు కాపీలు పెట్టారు. ఒకటి రాస్తున్నప్పుడు చెడినా రెండోది ఉంటుంది. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే. ఏ పుస్తకంలోనూ లేనిది ఇంకొకటి చేశారు. కరెంటు రాగానే మా బోర్డులన్నీ ఒకేసారి మోటార్లను ఎత్తకుండా, ఒకదాని తర్వాత ఒకటి ఎత్తేలా వంతులు పెట్టారు. అలాగైతే ట్రాన్స్‌ఫార్మర్ మీద బరువు తగ్గుతుంది.

వంతు అనగానే అరుగు ముందు గొడవ మొదలైంది. ముందు ఎవరిది? భూమిలో నీళ్లు తక్కువ, ముందు ఎత్తుకున్న మోటారు నీళ్లన్నీ లాగేస్తుందని అందరి భయం. మధ్యలో తేడా క్షణాలే అని మేడం ఎంత చెప్పినా వినలేదు. తెలంగాణ కోసం రోడ్డు మీద కలిసి అన్నం వండుకున్న మనుషులే, మోటారు వంతు దగ్గర వాటాల కోసం కొట్లాడే పాలివాళ్లయిపోయారు.

"నాది ఆఖర్ల పెట్టు మేడం," అన్నాడు యాదగిరి కాక. "గొడవొద్దు."

పొట్టకొచ్చిన వరి ఎండుతున్న మనిషి ఆ మాట అనగానే మిగతావాళ్లు మేడం చెప్పిన వంతులకు ఒప్పుకున్నారు. నేను బోర్డులన్నిటిలోకీ కొత్త ప్రోగ్రాం ఎక్కించాను. ఎక్కించే ముందు ప్రతి దాన్నీ చదివాను.

మర్నాడు మళ్లీ అదే బోరు దగ్గర నిలబడ్డాం. ఊళ్లో మావి కాని ఆటోలు కూడా చాలా ఉన్నాయి. వాటికి వంతులు లేవు కదా. మోటార్లన్నీ ఆటోలోనే ఉంచమని మేడమే చెప్పారు. కరెంటు వచ్చింది. బల్బు ఎర్రబడింది. బోర్డు మీద లైటు పూర్తిగా ఆరిపోయింది.

"పోయింది," అన్నారు ఎవరో.

నాకూ అదే అనిపించింది. మేడం మాత్రం చేయెత్తి ఆగమన్నారు. బల్బు తెల్లబడింది, పచ్చ లైటు వెలిగింది. కాపలా చిప్పును పట్టుకొని, వోల్టేజీ కుదుటపడ్డాకే వదిలిందన్నమాట. దూరంగా ఒక మోటారు ఎత్తుకుంది. తర్వాత ఇంకొకటి. మళ్లీ ఇంకొకటి. వంతు ప్రకారం పొలం పొలం దాటుకుంటూ మోత మా వైపు వస్తోంది. కాక పైపు మూతి దగ్గర కదలకుండా నిలబడ్డాడు. అందరివీ అయ్యాక ఆయన మోటారు ఖంగుమని ఎత్తుకుంది. పైపు రెండుసార్లు గాలి కక్కి, ఆ తర్వాత నిండుగా నీళ్లు పోసింది.

కాక దోసిలితో నీళ్లు పట్టి మొహం కడుక్కొని, పార పట్టుకొని మడికి నీళ్లు తిప్పడానికి వెళ్లిపోయాడు. ఆ పంట ఇంటికి వచ్చింది.

మిగిలింది

మేడం గురించి నాకు ఫిర్యాదులు లేవని కాదు. కోపం తగ్గించుకోలేదు. అలవాటైన చిప్పును వదిలి కొత్తవి వాడడానికి చివరిదాకా ఒప్పుకోలేదు. కానీ నేను పనిచేసిన వాళ్లలో ఇంత పెద్ద ఇంజనీరును చూడలేదని గట్టిగా చెబుతాను. తెలివి చాలామందికి ఉంటుంది. తను చేసిన వస్తువు ఎక్కడ నడుస్తుందో అక్కడికి వెళ్లి మట్టిలో కూర్చునే ఓపిక, తప్పు కనబడగానే అది తనదే అని చెప్పే ధైర్యం, ఈ రెండూ ఒక్కచోట చూసింది అక్కడే. రాష్ట్రం వచ్చాక "ఇంకా ఇక్కడే ఉంటారా?" అని చాలామంది అడిగారు. "నా కస్టమర్లంతా ఇక్కడే ఉన్నారు, నేనెక్కడికి పోతాను?" అనేవారు. ఆఫీసు మూసేశాక కూడా ఎల్బీనగర్‌లోనే ఉన్నారు. మేడం ఇంట్లో ఇప్పటికీ పప్పుచారు హైవే కొలత ప్రకారమే అవుతుంది.

నేను రిటైరయ్యాక ఒకసారి ఊరికి వెళుతూ, యాదగిరి కాకకు కానుకగా ఒక కొత్త కంట్రోలర్ బోర్డు సంచీలో వేసుకెళ్లాను. ఇప్పుడు కరెంటు రోజంతా ఉంటోంది, ఆటోలు లేవు, వంతుల అవసరం లేదు. స్టార్టర్ డబ్బా తెరిస్తే మా పాత బోర్డు దుమ్ము పట్టి అక్కడే ఉంది. అలవాటు పోలేదు, ముట్టుకునే ముందు చదివాను. రెండు కాపీలూ చెక్కుచెదరలేదు. ప్రోగ్రాంలో మేడం ఆ రోజు అరుగు మీద రాసిన వంతు అలాగే ఉంది: ఆఖరు.

"కాక, ఇప్పుడు అందరి తర్వాత ఎత్తుకోవాలని నీ మోటరు ఆగాల్సిన పని లేదు. తీసేసి కొత్తది పెడ్తా. మీట నొక్కంగనే ఎత్తుకుంటది," అన్నాను.

కాక డబ్బా మూత నా చేతిలోంచి తీసుకొని తనే మూసేశాడు.

"ఒద్దురా. మీట నొక్కి జరసేపు గట్టు మీద నిలబడ్త. గా మేడం నా బోరు కాడ మట్టిల కూసున్నది యాదికొస్తది. అప్పటికల్ల మోటరు ఎత్తుకుంటది. ఉండనీ."

కొత్త బోర్డు మళ్లీ సంచీలో వేసుకున్నాను.